రహదారిలో విశ్రాంత జీవనం

ఉద్యోగుల ఇళ్లలో పదవీ విరమణ తేదీ అందరికీ ముందుగానే తెలిసి ఉంటుంది. అయినా ఆ రోజు వచ్చినప్పుడు ఇల్లంతా కొంత తడబడుతుంది. కార్యాలయంలో పూలదండ, శాలువా, నాలుగు మంచి మాటలు, ఒక గోడ గడియారం. ఎన్నో ఏళ్లు గడియారం చూసుకొని పరుగెత్తిన మనిషికి, ఇక గడియారంతో పని లేని రోజున దానిని బహూకరించడం మన ఆచారాలలోని ఒక చిన్న చమత్కారం.

ఆ తర్వాతి కాలాన్ని ఏమి చేయాలన్న ప్రశ్న కొత్తది కాదు. గృహస్థధర్మం ముగిసిన వానికి మన ధర్మశాస్త్రాలు వానప్రస్థాన్ని విధించాయి. భార్యను కుమారుల రక్షణలో ఉంచి గాని, తనతో పాటు తీసుకొని గాని అడవికి వెళ్లవచ్చునని చెప్పాయి. ఆ అడవులూ లేవు, ఆ ఆచారమూ లేదు. ప్రశ్న మాత్రం మిగిలింది. అమెరికాలో కొందరు విశ్రాంత దంపతులు దీనికి తమదైన సమాధానం కనుగొన్నారు. పిల్లలు పెద్దవారై వెళ్లిపోగానే ఇల్లు అమ్మివేసి, మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ అమరిన పెద్ద వాహనాన్ని కొనుక్కొని అందులోనే నివసిస్తారు. దానిని వారు ‘ఆర్‌.వి.’ అంటారు. నెలకొక ఊరు, ఋతువుకొక రాష్ట్రం. పిల్లల కబుర్లు టెలిఫోనులోనే. కొడుకునో కూతురినో చూడటానికి ఆ దేశం వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు రహదారుల మీద ఇటువంటి బండ్లను చూసి ఆశ్చర్యపోవడం మామూలే. ‘ఈ వయస్సులో ఇల్లు లేకుండా ఎలా?’ అన్నది వారి మొదటి సందేహం.

ఆ సందేహం వెలిబుచ్చిన వారు తిరిగి వచ్చేది ఏ కొండాపూర్‌కో మియాపూర్‌కో చెందిన అపార్టుమెంటుకు. ఇల్లు ఉంటుంది, పిల్లలు ఉండరు. మూడు గదులలో ఇద్దరు వృద్ధులు, అవతలి దేశంలో తెల్లవారే వేళ కోసం ఎదురుచూసే ఒక ఫోను. హైటెక్‌ సిటీ పరిసరాలలో ఇటువంటి ఇళ్లు తక్కువేమీ కాదు. అయితే ఇదే హైదరాబాదులో ఒక విశ్రాంత జంట మూడో మార్గాన్ని పట్టింది. ఇల్లు అమ్మలేదు, కారును ఇల్లుగా మార్చుకోలేదు. కాని వారి విశ్రాంత జీవనంలో పెద్ద భాగం రహదారి మీదనే గడిచింది. ఆ కారులో మంచానికి బదులు తారు కలిపిన కంకర సంచులు ఉండేవి.

ఆయన పేరు కాట్నం గంగాధర తిలక్‌. ఆమె వెంకటేశ్వరి. తిలక్‌ దక్షిణ మధ్య రైల్వేలో సుమారు మూడున్నర దశాబ్దాలు ఇంజినీరింగు విభాగంలో పనిచేసి 2008లో పదవీ విరమణ చేశారు. అప్పటికి హైదరాబాదు నగరం సాఫ్ట్‌వేర్‌ రంగానికి పేరు మోసింది. 1998లో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్‌ రాళ్లగుట్టల మధ్య అద్దాల మేడలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. అనుభవమున్న ఇంజినీర్లకు అక్కడ పనికి కొదువ లేదు. తిలక్‌ కూడా నగరంలో ఒక సాఫ్ట్‌వేర్‌ సంస్థలో చేరారు. పింఛను ఒకవైపు, జీతం ఒకవైపు, అమెరికాలో స్థిరపడిన కుమారుడు. ఇంతకన్న నిశ్చింతగా ఉండే విశ్రాంత కుటుంబాన్ని ఊహించడం కష్టం.

2010లో ఒకనాడు ఆయన కారులో ఆఫీసుకు బయలుదేరారు. వాన నీరు నిలిచిన గుంతలో చక్రం పడింది. బురద ఎగిరి, బడికి వెళుతున్న పిల్లల బట్టలపై పడింది. ఇటువంటివి నగరంలో రోజూ జరుగుతాయి. బురద పడినవారు తిట్టుకుంటారు, కారులోని వారు వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోతారు. తిలక్‌ మాత్రం ఆ గుంతను విడిచిపెట్టలేకపోయారు. సొంత ఖర్చుతో కంకర తెప్పించి ఆ దారిలోని గుంతలను పూడ్పించారు. అంతకుముందు గుంతల కారణంగా జరిగిన ప్రమాదాలను ఆయన కళ్లారా చూసి ఉన్నారు. అందుకే ఒక దారితో ఆ పని ఆగలేదు.

గుంత ఎలా పుడుతుందో తెలిస్తే ఆయన తొందర అర్థమవుతుంది. తారు రోడ్డుకు పైన కనిపించే నలుపు ఒక పలుచని పొర మాత్రమే. దాని కింద కంకర, దాని కింద దిమ్మిస కొట్టిన నేల ఉంటాయి. పై పొరలో సన్నని పగులు వస్తే వాన నీరు అందులోకి దిగుతుంది. నేల మెత్తబడుతుంది. ఆ మీదుగా బరువైన చక్రం వెళ్లిన ప్రతిసారీ లోపలి నీరు ఒత్తిడికి పైకి తన్నుతూ సన్నని మట్టిని బయటకు తెస్తుంది. ఆధారం పోయిన కంకర కదులుతుంది, పై పొర కుంగి విరుగుతుంది. ఆ తర్వాత అంచులు రాలుతూ చేతివెడల్పు గుంత కొద్దిరోజులలోనే పళ్లెమంత, ఆపైన గంగాళమంత అవుతుంది. పైపుల కోసం, కేబుళ్ల కోసం తవ్విన చోట మట్టిని సరిగా అదమకపోతే ఈ వ్యవహారం మరింత త్వరగా సాగుతుంది. కొత్త మేడ లేచిన ప్రతిచోటా కొత్త కేబులు అవసరమయ్యే ఐటీ ప్రాంతంలో ఈ తవ్వకాలు ఎంత సాధారణమో అక్కడ తిరిగేవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఎండాకాలంలో గుంత కనబడుతుంది. వానాకాలంలో అది కనబడదు. నీటి అద్దం మాత్రమే కనబడుతుంది. అది రెండంగుళాల లోతా, అడుగు లోతా అన్నది ద్విచక్ర వాహనం ముందు చక్రం అందులో పడిన తరువాతనే తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2017వ సంవత్సరంలో దేశంలో గుంతల కారణంగా మరణించిన వారు 3,597 మంది. ఒక రోజుకు దాదాపు పదిమంది. బురద చిమ్మిన బట్టలను ఉతుక్కోవచ్చు. ఈ పదిమంది సంగతి అలా కాదు.

మొదట్లో ఈ పని సెలవు రోజులకే పరిమితం. కొత్తగా రోడ్డు వేసిన చోట్ల మిగిలిపోయి పక్కన పడి ఉన్న తారు ముద్దలను ఏరి, గోనె సంచులకెత్తి, కారు వెనుక భాగంలో వేసుకునేవారు. దారిలో గుంత కనబడితే బండి ఆపడం, పార తీయడం, పూడ్చడం. వట్టి మట్టి పోస్తే తర్వాతి వానకే కొట్టుకొనిపోతుంది. గుంతలోని నీటిని, వదులైన రాళ్లను తీసివేసి, దుమ్ము ఊడ్చి, తారు కలిపిన కంకరను పొరలుగా వేసి అదమాలి. పూడ్చిన చోటు చుట్టూ ఉన్న రోడ్డు కన్న కొంచెం ఎత్తుగా ఉంటే, వాహనాల బరువుకు అణగి సమమవుతుంది. చూడటానికి చిన్న పనే. కాని అరవై దాటిన నడుముకు అది చిన్న పని కాదు.

ఈ కథలో అసలైన ఘట్టం రోడ్డు మీద కాదు, ఇంట్లో జరిగింది. భర్త చేస్తున్నది వెంకటేశ్వరికి మొదట నచ్చలేదు. చాలామంది ఈ సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి దాటవేస్తారు. అది న్యాయం కాదు. ఆమె అభ్యంతరం వెనుక పిసినితనమో చిన్నచూపో వెతకనక్కరలేదు. వృద్ధుడైన భర్త వాహనాల మధ్య వంగి నిలబడి పని చేస్తున్నాడు. ఏ డ్రైవరు ఏ క్షణంలో ఏమరుపాటున ఉంటాడో తెలియదు. కష్టపడి దాచుకున్న డబ్బు కంకరగా మారి రోడ్డులో కలిసిపోతున్నది. విశ్రాంతి కోసం ఎదురుచూసిన సంవత్సరాలు ఇవేనా అని ఏ ఇల్లాలికైనా అనిపిస్తుంది. ఆ సంపాదనలో, ఆ విశ్రాంతిలో సగం ఆమెదే కదా!

ఆమె అమెరికాలోని కుమారునికి ఫోను చేసి తండ్రిని వారించమని చెప్పారు. దేశాంతరంలోని పిల్లలకు ఇంటి నుండి అందే వార్తలు సాధారణంగా రక్తపోటు గురించో, మేనమామగారింటి పెళ్లి గురించో ఉంటాయి. ‘నాన్నగారు రోడ్లు బాగుచేస్తున్నారు’ అన్న వార్త విని ఆ కుమారుడు ఏమనుకున్నాడో గాని, హైదరాబాదు వచ్చి తండ్రి చేస్తున్న పనిని స్వయంగా చూశాడు. చూసిన తరువాత తండ్రి పక్షానికే మొగ్గాడు. అంతటితో ఊరుకోక, ఈ పనిలో చేయి కలపదలచిన వారి కోసం శ్రమదానం పేరుతో వెబ్‌సైటు ఏర్పాటుకు తోడ్పడ్డాడు. తగవు తీర్చడానికి పిలిచిన మధ్యవర్తి ఒక పక్షంలో చేరిపోతే ఏమవుతుందో కుటుంబాలలో అందరికీ అనుభవమే. ఇక్కడ మాత్రం ఫలితం విచిత్రంగా పరిణమించింది. కొంతకాలానికి వెంకటేశ్వరి కూడా కారెక్కారు. తిలక్‌ సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగానికి స్వస్తి చెప్పి పూర్తికాలం ఇదే పనిలో దిగారు. అంటే ఆయనది రెండో పదవీ విరమణ. మొదటిదానికి వయస్సు కారణం, రెండోదానికి గుంతలు.

జనం ఆయనను ‘రోడ్డు డాక్టరు’ అన్నారు. కారుకు ‘గుంతల అంబులెన్సు’ అన్న పేరు వచ్చింది. క్రమంగా నగరపాలక సంస్థ తారు మిశ్రమాన్ని సమకూర్చింది. స్వచ్ఛందంగా వచ్చిన యువకులు, వారిలో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగులు కూడా, సెలవు రోజులలో పారలు పట్టారు.

పన్నులు తీసుకునేది ప్రభుత్వం, రోడ్లు చూడవలసినదీ ప్రభుత్వమే. మరి పింఛనుదారు ఎందుకు పూడ్చాలి? ఈ ప్రశ్నను కొట్టిపారవేయడానికి వీలులేదు. ఒక మంచి మనిషి చేస్తున్నాడు కదా అని బాధ్యులు ఊరక కూర్చుంటే అతని మంచితనమే వారి సోమరితనానికి నీడ అవుతుంది. పైగా ఒక కారు, ఒక జంట ఎన్ని వీధులు తిరగగలదు? ఇదంతా నిజమే. అయితే వాదం తేలే వరకు గుంత ఆగదు. ఫిర్యాదు చేయడమూ, పూడ్చడమూ ఒకదానికొకటి అడ్డు కావు. ఉదయం పూడ్చి సాయంత్రం అర్జీ రాయవచ్చు. రాత్రిపూట ఇంటికి తిరిగి వెళుతున్న ఒక కుర్రవాడికి ఆ ఉదయపు పనే ముఖ్యం.

ముంబయిలో దాదారావు బిల్హోరే అనే వ్యక్తి కూడా గుంతలు పూడ్చారు. 2015 జులైలో ఆయన పదహారేళ్ల కుమారుడు ప్రకాశ్‌ నీటితో నిండిన గుంత కారణంగా జరిగిన ప్రమాదంలో మరణించాడు. మరొక ఇంటికి ఆ దుఃఖం రాకూడదని ఆయన ఆ పనికి పూనుకున్నారు. ఆయన చేతికి పారను ఇచ్చింది పుత్రశోకం. తిలక్‌ దంపతులకు అటువంటి శోకం లేదు. బడిపిల్లల బట్టల మీది బురద చాలింది. లోకంలో ఎక్కువమంది మొదటి విధంగానే మేలుకుంటారు. రెండో విధంగా మేలుకునేవారు అరుదు.

ఈలోగా నగరం మారుతూనే ఉంది. 2019లో మెట్రో రైలు హైటెక్‌ సిటీని చేరింది. 2020లో దుర్గం చెరువుపై తీగల వంతెన ప్రారంభమైంది. ప్రజలు దాని దీపాలను చూడటానికి కుటుంబాలతో వెళ్లారు. తీగల వంతెన నగరానికి అందం. అందులో సందేహం లేదు. కాని దానిని చేరవలసిన వాడు వీధి చివరి గుంతను ముందు దాటాలి.

2021లో పత్రికలు ఈ దంపతుల గురించి విస్తృతంగా రాశాయి. అప్పటికి పదకొండేళ్లలో వారు పూడ్చిన గుంతలు 2,000కు పైగా, చేసిన ఖర్చు సుమారు 40 లక్షల రూపాయలు. సగటున గుంతకు 2,000 రూపాయలు. నెలకు సుమారు 30,000. ఆ సొమ్ములో పెద్ద భాగం పింఛను నుండి వచ్చినదే. పింఛను గణితం తెలిసిన ఏ ఇంటివారికైనా ఆ అంకె బరువు తెలుస్తుంది. అది మందుల ఖర్చు కావచ్చు, ఒక తీర్థయాత్ర కావచ్చు, మనుమల దగ్గరకు వెళ్లిరావడానికి విమాన టిక్కెట్టు కావచ్చు. అప్పటికి ఆయన వయస్సు 73, ఆమె వయస్సు 64. కారు ముందు సీట్లలో ఇద్దరూ కూర్చునేవారు. వెనుక సంచులు, పార. ఎక్కడ ఆగాలో దారిలోని గుంతలే చెప్పేవి.