మలక్‌పేటలో బస్సు బేరం

పోయిన వేసవిలో నేనొక బస్సును అమ్మవలసి వచ్చింది. ముప్పైనాలుగేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి గాని, జీవితంలో ఒక్క మేకపిల్లను కూడా అమ్మి ఎరగను. అయినా నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసిన పాఠశాలవాళ్ళు, "పెద్దసార్, మీ మాట అందరూ నమ్ముతారు. ఈ పని మీరే చేసిపెట్టాలి," అన్నారు. ఆ మాటే తరవాత నన్ను చిక్కులో పెట్టింది.

బస్సు నడవక అమ్మటం కాదు. మన రాష్ట్రంలో 15 ఏళ్ళు దాటిన బస్సులో బడిపిల్లలను ఎక్కించుకోరాదు. ఏటా మే 15తో బడి బస్సుల ఫిట్‌నెస్ పత్రాల గడువు తీరిపోతుంది. జూన్‌లో బడులు తెరిచేలోగా బస్సును మళ్ళీ పరీక్ష చేయించి కొత్త పత్రం తీసుకోవాలి. మా బస్సుకు ఆ ఏటితో 15 ఏళ్ళు నిండాయి. దాన్ని అమ్మగా వచ్చే డబ్బు కొత్త బస్సుకు బయానాగా కట్టాలని బడివాళ్ళ ఆలోచన.

కొనటానికి వచ్చినాయన ఉద్యోగ విరమణ చేసిన పోస్ట్‌మాన్. ఆయన తల్లికి ఎనభై దాటాయి. ఆమెకు శ్రీశైలమూ, కాశీ చూడాలని కోరిక. కాని గంటసేపు కూర్చుంటే నడుము నిలవదు; పడుకోవలసిందే. "అందుకని ఈ బస్సునే చిన్న ఇల్లుగా చేస్తాను, సార్. మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ అందులోనే," అన్నాడాయన.

ఇది విని మా మనవడు నవ్వాడు. "బస్సులో కాపరమా, తాతయ్యా!" అన్నాడు.

నవ్వవలసిన పని లేదు, పిల్లలూ! ఇల్లు వెంటపెట్టుకుని తిరగటం మనవాళ్ళకు కొత్త కాదు. హైదరాబాదులో కార్వాన్ అనే పేట వున్నది. బిడారు కట్టి ప్రయాణం చేసే వర్తకుల గుంపును పారసీ భాషలో కార్వాన్ అంటారు. గోలకొండ రాజుల కాలంలో వజ్రాల వర్తకులు అక్కడ దిగేవారు. 17వ శతాబ్దంలో వచ్చిన తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు, ధాన్యమూ ఉప్పూ మోసే ఎద్దుల బిడారులను గురించి రాశాడు. ఒక్కొక్క బిడారులో పది పన్నెండువేల ఎద్దులుండేవట! వాటివెంట ఆలుబిడ్డలతో సహా కుటుంబాలన్నీ నడిచేవి. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, దారిలో హైదరాబాదు చూచి, 1831లో తిరిగి ఇల్లు చేరారు. పల్లకీలూ, డేరాలూ వెంట తీసుకుపోయారు. ఆయన కాశీయాత్ర పుస్తకం మీరు పెద్దయిన తరవాత తప్పక చదవాలి. ఇక 1885లో గార్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండు డాక్టరు, కేవలం విహారం కోసం ఒక చక్రాల ఇల్లు చేయించుకుని, రెండు గుర్రాలను కట్టి ఊళ్ళు తిరిగాడు. ఇప్పుడు అమెరికాలో అనేకులు పాత బడి బస్సులను ఇళ్ళుగా మార్చుకుంటున్నారు.

బేరం మలక్‌పేటలో పెట్టుకున్నాము. తూర్పు హైదరాబాదు రవాణా కార్యాలయం అక్కడే వున్నది. బండి నంబరులో రాష్ట్రం అక్షరాల తరవాత 11 అని వుంటే అది మలక్‌పేటలో నమోదైన బండి అన్నమాట. రాష్ట్రం అక్షరాలు ఏపీ నుంచి టీఎస్‌గానూ, 2024 నుంచి టీజీగానూ మారాయి గాని, 11 మారలేదు.

ఉదయమే మనవణ్ణి వెంటపెట్టుకుని బస్సులో బయలుదేరాను. చాదర్‌ఘాట్ వద్ద మూసీ దాటి, రైలు వంతెన కిందుగా పోతే మలక్‌పేట. గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కొలువులోని మాలిక్ యాకూబ్ పేరుమీద దీనికి ఆ పేరు వచ్చిందంటారు. దారిలో గుర్రప్పందాల మైదానం వున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, పందాలను మౌలాలి నుంచి ఇక్కడికి మార్చారు. గంజి దగ్గరికి వచ్చేసరికి ఉల్లిగడ్డల వాసనా, మిరపకాయల ఘాటూ కలిసి మావాడికి తుమ్ములు పట్టుకున్నాయి. తలపైన మెట్రోరైలు పోతున్నది. ఈ దారిలో అది 2018 సెప్టెంబరులో మొదలయింది. ఇంకా ముందుకు పోతే మూసారాంబాగ్. నిజాము సైన్యంలో రేమాన్ అనే ఫ్రెంచి సేనాని వుండేవాడు. అతణ్ణి ముస్లిములు మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలిచేవారట. ఆ పేటకు అతని పేరే మిగిలింది. 1798లో చనిపోయిన అతని సమాధి ఆస్మాన్‌గఢ్ దగ్గర గుట్టమీద ఇప్పటికీ వున్నది.

కొనుగోలుదారు ఒక మిస్త్రీని వెంటపెట్టుకుని వచ్చాడు. మిస్త్రీ బస్సు చుట్టూ తిరిగి, "ఇల్లు కట్టటానికి బాగుంటుంది. గోడలు నిటారుగా వున్నాయి, కిటికీలు చాలా వున్నాయి, చాసిస్ గట్టిది," అన్నాడు. తరవాత మా మనవడికి కొన్ని సంగతులు చెప్పాడు. అవి మీకూ చెబుతాను.

ఒక లీటరు నీరు ఒక కిలో బరువుంటుంది. రెండువందల లీటర్ల ట్యాంకు పెడితే రెండువందల కిలోలు. అంటే మీ ఈడు పిల్లలు ఆరుగురు ఎప్పుడూ ఒకేచోట కూర్చున్నట్టు! అంత బరువు పైన పెడితే మలుపులో బండి ఒరుగుతుంది. అందుకని ట్యాంకును నేలకు దగ్గరగా పెడతారు. ఇనపరేకు కప్పు ఎండకు పెనంలా కాలుతుంది. దానికి తెల్లరంగు వేస్తే చాలా వెలుగు తిరిగి వెళ్ళిపోతుంది. లోపల గాలి నిలిచే మెత్తని పలకలు తాపితే వేడి త్వరగా దిగదు. గాలి వేడిని తొందరగా పోనివ్వదు గనకనే మనకు కంబళి వెచ్చగా వుంటుంది.

"పసుపురంగు మాత్రం తీసేయాలి," అన్నాను నేను. 1939లో అమెరికాలో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు సభ పెట్టి బడి బస్సులకు ఈ రంగు నిర్ణయింపజేశాడు. తెల్లవారుజామున మసక వెలుతురులో కూడా దానిమీద నల్లని అక్షరాలు తెలుస్తాయి. పసుపు బస్సును చూస్తే ఎదుటివాళ్ళు పిల్లలున్నారనుకుని జాగ్రత్తపడతారు. పిల్లలు లేని బస్సుకు ఆ రంగు వుంచుకోవటం మంచిది కాదు.

కొనుగోలుదారు వెనకభాగం చూపి, "మంచం ఇక్కడ వేస్తాను, కింద నీళ్ళ ట్యాంకు," అన్నాడు. నా గుండె గతుక్కుమన్నది. సరిగా అక్కడే, రబ్బరు చాప కింద, నేలరేకు తుప్పు పట్టి వున్నది. ఆ సంగతి నాకూ, మా డ్రైవరుకూ తప్ప ఎవరికీ తెలియదు.

డ్రైవరు నన్ను పక్కకు పిలిచి, "పెద్దసార్, చాప ఎత్తకండి. ఆయన అడగలేదు గదా! ఈ డబ్బు రాకపోతే జూన్‌లో మన పిల్లలకు బస్సు వుండదు," అన్నాడు.

డ్రైవరు చెడ్డవాడు కాడు. అతనికి పిల్లలమీద ప్రేమ. నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. మనవడు నా ముఖంలోకే చూస్తున్నాడు. చివరకు నేనే వంగి చాప ఎత్తాను.

మిస్త్రీ స్క్రూడ్రైవరుతో పొడిచాడు. రేకు అప్పడంలా విరిగింది. అతను బస్సు కిందికి దూరి, కింది అడ్డ ఇనుము కూడా తినేసిందని చెప్పాడు. "ట్యాంకు నిండితే దారిలో ఎక్కడో ఒకచోట నేల దిగబడిపోయేది," అన్నాడు.

ధర ఇరవైఅయిదువేలు తగ్గింది. ఆ రోజే 29, 30 నంబరు ఫారాలమీద సంతకాలు చేశాము. బండి అమ్మినవాడు 14 రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలపాలి. కొన్నవాడు 30 రోజులలోగా తన పేరుకు మార్పించుకోవాలి. బస్సును ఇల్లుగా మార్చటానికి కూడా ముందుగా అనుమతి పొందాలి.

పాఠశాలవాళ్ళు సంతోషించలేదు. "ఆ చాప ఎత్తమని మిమ్మల్నెవరడిగారు?" అన్నారు. డబ్బు చాలక కొత్త బస్సు నెల ఆలస్యంగా వచ్చింది. ఆ నెలంతా దూరపు పిల్లలు సిటీబస్సులలో నిలబడి వచ్చారు. ఒక తల్లి నన్ను బజారులో ఆపి మందలించింది కూడా. ఆమెకు చెప్పటానికి నా దగ్గర మంచి జవాబు లేకపోయింది. ఆమె పిల్లలు పడిన కష్టం నిజమే.

కార్తీకమాసంలో ఒకనాడు మా వీధిలో ఒక నీలంరంగు బస్సు ఆగింది. ముందు నేను గుర్తుపట్టలేదు. పోస్ట్‌మాన్ దిగి వచ్చి, "అమ్మ మిమ్మల్ని చూస్తానన్నది, సార్," అన్నాడు. శ్రీశైలం చూచి వస్తున్నారట. సంక్రాంతి వెళ్ళిన తరవాత కాశీకి ప్రయాణం. ముసలామె కిటికీ పక్కన మంచం మీద పడుకుని వున్నది. వెనక నేలకు కొత్తరేకు వేశారు. మా మనవడు దానిమీద ఎగిరి ఎగిరి చూచాడు. అది కదలలేదు.

"చాప ఎత్తిన సారువి నువ్వేనా, నాయనా?" అని అడిగిందామె. నేను అవునన్నాను. ఆమె నా చేతిలో శ్రీశైలం విభూతి పొట్లం పెట్టింది.