దళారి దినచర్య

"దళారి" అన్న మాట మన భాషలో ఒక నిందగా స్థిరపడిపోయింది. మాట పుట్టుక మాత్రం గౌరవప్రదమైనదే. అరబ్బీలో "దల్లాల్" అంటే దారి చూపేవాడు. నిదర్శనమన్న అర్థంలో మన ఉర్దూ విద్యార్థులు నిత్యం వాడే "దలీల్" కూడా ఆ ధాతువు నుండి వచ్చినదే. హమాలీ, గుమాస్తా, వసూలు, బాకీ, రసీదు మొదలైన అరబ్బీ, పారసీ పదాలు గుంటూరు మిర్చి యార్డులో ఒక పూట నిలబడితే అచ్చ తెలుగు రైతు నోట వినవచ్చు. పక్కపక్క గదులలో ఉన్న మన ఉర్దూ, తెలుగు శాఖలు కూడ అంతగా కలిసిపోలేదేమోనని మాకొక అనుమానం.

మా మేనమామగారు ఆ యార్డులో చిరకాలంగా కమీషన్ వ్యాపారి. ఎం.ఏ. చదివే రోజుల నుండి సెలవులలో వారి కొట్లో కూర్చుని లెక్కలు రాసిపెట్టడం మాకు అలవాటు. కనుక వారి దినచర్యను దగ్గరగా ఎరుగుదుము.

సీజనులో వారి పని తెల్లవారుజాము నమాజుతోనే మొదలవుతుంది. పల్నాడు, ప్రకాశం, కర్నూలు ప్రాంతాల నుండి రాత్రంతా లారీలలో వచ్చిన టిక్కీలను ముఠా కూలీలు దించి కొట్టు ముందు వరుసలుగా పేరుస్తారు. కొత్తవారికి మొదటి అరగంట తుమ్ములతోనే సరిపోతుంది. బస్తాల మీదనే నిద్రపోయి వచ్చిన రైతు ముఖమైనా కడుక్కోకుండా అడిగే ప్రశ్న ఒకటే: "సాయిబుగారూ, ఇవాళ ఎట్లా ఉందండీ?"

వారు వెంటనే జవాబు చెప్పరు. ముందు టీ తెప్పిస్తారు. తరువాత బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చేయి దూర్చి అడుగునున్న కాయలు గుప్పెడు తీస్తారు. ఒక కాయను చెవి దగ్గర ఆడిస్తారు; గింజలు గలగలమంటే బాగా ఎండినట్లు. మరొకటి వంచి చూస్తారు. తేమ ఉన్న కాయ విరగదు, వంగుతుంది. తాలు కాయ ఎంత కలిసిందో చూస్తారు. తేజ రకానికి ఘాటు, బ్యాడిగికి రంగు ప్రధానం. ఈ పరీక్షకు పట్టే కాలం రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ రైతు కళ్ళు కాయ మీద ఉండవు, వారి ముఖం మీద ఉంటాయి.

పిమ్మట కొనుగోలుదారులు వస్తారు. 2016లో దేశంలో ఈ-నామ్ విధానం మొదలైంది. ధరలు ఇప్పుడు కంప్యూటరుకెక్కుతున్నవి. అయినా మచ్చు చూడకుండా ధర చెప్పే వ్యాపారిని మేము ఇంతవరకు చూడలేదు. మధ్యాహ్నం కాటాలు, సాయంత్రం పట్టీలు, రాత్రి బాకీల కోసం ఫోనులు.

చిక్కంతా ఎక్కడున్నదంటే, దళారి రైతు తరఫున అమ్మేవాడు. అతడే విత్తనాలకు, పురుగుమందులకు రైతుకు అప్పు ఇచ్చినవాడు. కొనేవాడితోనూ అతనికి రేపటి అవసరమున్నది. ఇంతకూ అతడు ఎవరి మనిషి? అప్పిచ్చినవాడే అమ్మిపెట్టడం న్యాయం కాదని మేము వారితో పలుమార్లు వాదించాము. "బ్యాంకువాడు అర్ధరాత్రి ఫోను తీస్తాడా?" అన్నది వారి సమాధానం. అది పూర్తి సమాధానం కాదని మా అభిప్రాయం ఇప్పటికీ.

2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిరప తోటలను నాశనం చేసింది. ఆ ఏడాది ఇచ్చిన అప్పులు చాలవరకు వారి ఖాతాలో బాకీగానే నిలిచిపోయాయి. మన విద్యార్థులలో మిరప రైతుల బిడ్డలకు ఆ కథ వేరుగా చెప్పనక్కరలేదు.

2025లో పంట ఉన్నది, ధర లేదు. ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించింది. ఆ రోజులలోనే ఒక రైతు 30 టిక్కీలతో వచ్చాడు. వచ్చిన బేరం 11 వేలకు లోపే. అప్పటికప్పుడు అమ్మిస్తే మా మేనమామగారికి పాత బాకీలో కొంత, కమీషనూ చేతికందుతాయి. ఏసీలో పెట్టిస్తే రైతుకు అద్దె పెరుగుతుంది. ధర ఇంకా పడిపోతే ఆ నష్టమూ అతనిదే. ఏది చెప్పినా చెప్పినవాడి మీద అనుమానం రావచ్చు. కాని ఆ రైతు అనుమానించలేదు. "మీరేది చెబితే అది, సాయిబుగారూ" అన్నాడు.

అంత మాటకారి అయిన మా మేనమామగారు చాలసేపు మాట్లాడలేదు. గుప్పెట్లోని కాయలను తిరిగి బస్తాలో పోసి, చివరకు, "సగం అమ్ముదాం అన్నాయ్, సగం ఏసీలో పెడదాం" అన్నారు. వారి ఖాతా అంతా సిరాతోనే ఉంటుంది. ఆ రైతు పేరు ఎదుట మాత్రం "ఏసీ 15" అని పెన్సిలుతో రాయమని మాతో చెప్పారు.

ఆ రాత్రి పదకొండు గంటలకు వారికి మళ్ళీ ఫోను వచ్చింది. నరసరావుపేట దాటిన లారీ ఒకటి టైరు పగిలి ఆగిపోయిందట. వారు చొక్కా తొడుక్కుని, మరొక బండి మాట్లాడటానికి బయలుదేరారు.