భుజముమీది బేతాళుడు

నవంబరు మాసము వచ్చినదనిన మన పట్టణములలో వేషముల దుస్తులు అద్దెకిచ్చు అంగళ్ళవారికి తీరిక యుండదు. బాలల దినోత్సవమునాడు పాఠశాలలలో విచిత్ర వేషధారణ పోటీలు జరుగును. కృష్ణుని పింఛము మొదలు ఝాన్సీరాణి కత్తి వరకు సమస్తమును ఆ అంగళ్ళలో దొరకును. ఒక పూటకు తెచ్చుకొని, చెమట ఆరకముందే తిరిగి యిచ్చివేయవచ్చును. అందు తప్పేమియు లేదు. కాని ఆ దుస్తులు బిడ్డ కొలతకు సరిపోవుట అరుదు. కిరీటము చెవులమీదికి జారును. పంచెను పిన్నీసులు మోయును.

తెనాలిలో ఒక యింట 2018వ సంవత్సరమున ఈ వేషపు ప్రసక్తి వచ్చినప్పుడు, చిక్కు దుస్తులతో గాక మాటతో వచ్చినది. ఆ యింటి బాలునికి తొమ్మిదేండ్లు. వానికి నత్తి కలదు. పెరటిలో పిల్లితో మాటలాడునప్పుడు అది అంతగా తెలియదు. నలుగురి యెదుట నిలిచినచో మొదటి అక్షరమే గొంతులో గొళ్ళెము పడినట్లు ఆగిపోవును. పోటీలో వేషము వేసిన ప్రతి బిడ్డయు తానెవరో చెప్పవలెను. అంతకు ముందటి యేడు వాడు కృష్ణుడై పిల్లనగ్రోవి పట్టుకొని నిలిచి, నోరు తెరచి, మాట రాక ఏడ్చుచు దిగివచ్చెను. ఈ యేడు వేషమే వద్దనెను.

అమ్మమ్మ వానిని బలవంతపెట్టలేదు. ఆమె అటకమీద 'చందమామ' పాత సంపుటములు అట్టలు వేసి దాచినవి కలవు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మదరాసున ప్రారంభించిన పత్రిక అది. చక్రపాణి తెనాలివాడు. 1952 నుండి 1980లో కన్నుమూయువరకు దానికి సంపాదకుడుగా నుండిన కొడవటిగంటి కుటుంబరావును ఆ యూరివాడే. కనుక అచ్చటి పాత యిండ్లలో ఆ సంపుటములుండుట వింత కాదు. పత్రిక ఆగిపోయి అప్పటికి కొన్నేండ్లైనను, ఆ యింట మాత్రము అది రాత్రి అన్నముతోపాటు నడచుచునే యుండెను. అందు బాలునికి మిక్కిలి ప్రియమైనది బేతాళ కథల బొమ్మ. చిత్రకారుడు శంకర్, అనగా కె. సి. శివశంకరన్, వ్రాసినది. ఒక చేత కత్తి, భుజమున శవము, శ్మశానమున నడచిపోవు రాజు.

"ఈ రాజు అసలు మాట్లాడడా?" అని వాడొకనాడు అడిగెను.

"మాట్లాడకూడదు నాన్నా. మాట్లాడితే శవంలోని బేతాళుడు ఎగిరిపోయి మళ్ళీ చెట్టెక్కుతాడు" అని అమ్మమ్మ చెప్పెను.

వాడు బొమ్మవంక చాలసేపు చూచి, "అయితే నేను ఈ వేషం వేస్తాను" అనెను.

రాజు వేషము సులభముగనే కుదిరెను. చిరిగిన పట్టుచీర అంచు నడికట్టయ్యెను. మిఠాయిపెట్టె అట్టకు బంగారు కాగితము అంటింపగా కిరీటమయ్యెను. వెదురుబద్దకు వెండికాగితము చుట్టిన కత్తి. మీసమునకు కాటుక యుండనే యున్నది.

కష్టమంతయు బేతాళునితో వచ్చెను. వానికి చర్మముగా తాతగారి పాత పంచెను అమ్మమ్మ బీరువానుండి తీసెను. తాతగారు పోయి నాలుగేండ్లైనది. కత్తెర పెట్టుటకు ముందు ఆమె దానిని మడత విప్పి, మరల మడిచి, మరల విప్పెను. పిదప నేరుగా కత్తిరించెను.

మొదట గుడ్డపీలికలు కూరిరి. వీధిలో కూరలబండివాని తక్కెడలో వేసి చూడగా నాలుగు కిలోలు తూగెను. బాలుడు దానిని ఎత్తుకొని నాలుగడుగులు వేసి ఒకవైపునకు ఒరిగిపోయెను. "బేతాళుడే రాజును మోయాల్సి వచ్చేట్టుంది" అని తండ్రి నవ్వెను. తరువాత బూరుగుదూది నింపిరి. బరువు తగ్గినది కాని, అది శవమువలె గాక తలగడవలె నుండెను. కాళ్ళు నిలువలేదు. చివరకు పాలు పోయునామె తన వామినుండి ఒక మోపెడు వరిగడ్డి తెచ్చియిచ్చెను. గడ్డిని పేనినట్లు బిగించి కట్టి, గుచ్చుకొనకుండ పాత లుంగీగుడ్డ చుట్టి, కాళ్ళు చేతులు చేసిరి. కడుపునకు మాత్రము దూదియే. మోకాళ్ళకడ, మోచేతులకడ ఏమియు కూరక దారముతో కట్టి విడిచిరి. అందువలన రాజు నడచినప్పుడు ఆ చేతులు వాటంతట అవే ఊగును.

తల చేయుటకు మూడు దినములు పట్టినది. వార్తాపత్రికలను ముక్కలుగా చించి రాత్రి నీటిలో నానవేసి, ఉదయమున రోటిలో రుబ్బి, మైదాజిగురు కలిపి, ఒక చిన్న మట్టిముంతపై పూసి ఎండబెట్టిరి. ఎండిన పిదప లోపలి ముంతను మెల్లగా పగులగొట్టి పెంకులు తీసివేయగా తేలికైన తల మిగిలెను. ఒక చెవి ఊడిపోయినది. దయ్యమునకు ఒక చెవి చాలునని బాలుడే తీర్పు చెప్పెను. ఈ మారు తక్కెడ కిలోకు తక్కువ చూపెను.

బేతాళుని అంగీకి కుట్టివేయబోగా బాలుడు ఒప్పుకొనలేదు. "కుట్టొద్దు, కొక్కెం పెట్టు" అని పట్టుబట్టెను. తీసివేయుటకు వీలుగా నుండునని కాబోలునని అమ్మమ్మ పాత సంచిపట్టెకు కొక్కెము కుట్టి యిచ్చెను.

ఆ రాత్రి ఆమె తలకు జనపనార జుట్టు కుట్టుచుండగా వాడు ప్రక్కన పండుకొని అడిగెను: "అమ్మమ్మా, జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుందని కదా బేతాళుడంటాడు? తెలుసు, కానీ మాట రాలేదనుకో. అప్పుడూ పగులుతుందా?"

సూది ఆగెను. సంస్కృతమున బేతాళ కథలు ఇరువదియైదు. 'చందమామ'లో అల్లిన కొత్త కథలు అంతకు ఎన్నో రెట్లు. వానిలో ఎచ్చటను రాజునకు ఈ యిబ్బంది వచ్చినట్లు ఆమె చదువలేదు.

"పగలదు" అనెను కొంతసేపటికి. "ఎంతసేపట్లో చెప్పాలో బేతాళుడు ఎప్పుడైనా చెప్పాడా?"

వాడు ఆలోచించి, "చెప్పలేదు" అనెను. పిదప నిదురపోయెను.

పోటీనాడు విక్రమార్కుడు వేదికపై అటునుండి ఇటు నడచెను. ఒంటిచెవి తల వీపుపై వ్రేలాడుచుండెను, గడ్డిచేతులు ఊగుచుండెను. న్యాయనిర్ణేతగా కూర్చున్న పెద్దాయన, "ఎవరి వేషం బాబూ?" అని అడిగెను. బాలుని పెదవులు కదలెను. శబ్దము రాలేదు. వెనుక వరుసలో ఎవరో కిసుక్కున నవ్విరి. ఒక ఉపాధ్యాయిని వానికి మాట అందింపబోయి ముందునకు వంగెను. వాడు ఆమెవంక చూడలేదు. బేతాళుని భుజముపై సర్దుకొనెను. మరల ఒకమారు సర్దుకొనెను. అమ్మమ్మ తన కొంగు అంచును వ్రేళ్ళకు చుట్టుకొనుచు, విప్పుచు నుండెను.

"వి... వి... విక్రమార్కుడు."

ఆ మాట వెలువడగానే వాని యెడమచేయి కొక్కెమును తప్పించెను. బేతాళుడు దభాలున క్రింద పడెను. ముందుగా తల్లిదండ్రుల వరుసలలో నవ్వు లేచెను. చిన్ననాడు ఆ కథలు చదివినవారు వారే గదా. పిమ్మట పిల్లలును చప్పట్లు చరచిరి. రాజు ఏమియు మాటలాడక, వంగి, శవమును తిరిగి భుజమున వేసుకొని, వచ్చిన దారినే నడచిపోయెను.

మొదటి బహుమతి అద్దె దుస్తుల కృష్ణునికి వచ్చినది. ఆ వేషము నిజముగనే చక్కగా నుండెను.

ఇంటికి వచ్చిన పిదప అమ్మమ్మ కుట్లు విప్పుటకు కత్తెర తీసెను. బాలుడు అడ్డుపడి బేతాళుని లాగుకొని, పెరటిలో దండెముపై తలక్రిందులుగా వ్రేలాడదీసెను. గాలికి తాతగారి పంచె మెల్లగా ఊగుచుండెను. పిల్లి వచ్చి దాని చేతిని ఒకమారు తట్టి చూచి, గోడ దూకి పోయెను.