తిరునాళ్ల కల్లు

మాఘమాసం వచ్చిందంటే మా వత్సవాయి మాదిగగూడెమంతా పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు కదిలేది. 1978లో అయ్య డప్పు నేనే మోశాను. పొద్దున్నే మునేటిలో తానాలు చేసి తాళ్లకాడికి పోయాం. పొద్దెక్కితే కల్లు పులుస్తుంది. కుండలేమో నాలుగే. జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు. ఆ తొక్కిడిలో ఎవరి భుజం ఎవరికి తగిలినా మైల లేదు. కల్లు పోసేకాడ మైల పుట్టింది. వాళ్లకి గాజు గ్లాసులు. మా అయ్యకి తాటాకు దొప్ప, అందులోకి ఎత్తునుంచి ధార. సగం చొక్కా మీదే పడింది.

"గ్లాసియ్యొచ్చుగా?" అన్నాను.

"నోర్ముయ్‌రా. పోసేవాడు మనూరోడే, రేపు మొహం చూడాలి" అన్నాడు అయ్య.

అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. మాకా సంగతి తెలవదు.

2019లో మావాడు హైదరాబాదులో బీరు అక్కడే తయారుచేసే చోటుకి తీసుకుపోయాడు. మామిడిపండు బీరట, ఆ ఒక్కరోజే పోస్తారట. మళ్లీ అదే తొక్కిడి. గాజు గ్లాసు చేతికొచ్చింది. అయ్య గుర్తొచ్చి చాలాసేపు తాగలేకపోయాను.

పక్కనున్న పెద్దమనిషి మాట కలిపాడు. "మనదీ కృష్ణా జిల్లానే! ఎవరోళ్లు మీరు?"

"మాదిగోళ్లం" అన్నాను.

ఆయన తన గ్లాసు కాస్త అవతలికి జరుపుకున్నాడు.