పేరు చెప్పిన వీరుడు

మన ప్రబంధకవులకు "సార్థకనామధేయుడు" అనే మాటపై ఎంతో మక్కువ. రాజును వర్ణించినా, మంత్రిని వర్ణించినా, అతని పేరులోని అర్థం అతని నడవడిలో కనిపించిందని చెప్పనిదే వారికి తృప్తి కలుగదు. మన ఇండ్లలోనూ శిశువు పుట్టిన ఏడవ రోజున అఖీఖా జరిపి, మంచి అర్థం గల పేరు పెట్టడం తమ బాధ్యతగా తల్లిదండ్రులు భావిస్తారు. అయితే పేరు మనిషికి గుణాన్ని ఇస్తుందా, లేక మనిషే తన పేరుకు అర్థాన్ని సంపాదించి పెడతాడా? ఈ ప్రశ్న చాలకాలంగా నా మనస్సులో మెదలుతూనే ఉన్నది. దీనికి సమాధానం వెదుకుతూ నేను చదివిన గ్రంథాలలో బ్రిటన్ దేశపు ఆర్థర్ రాజు కథలు ముఖ్యమైనవి. ఆ కథలలోని పేర్లను గూర్చి నాలుగు మాటలు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆర్థర్, అతని రౌండు టేబులు చుట్టూ ఆసీనులయ్యే అశ్వికవీరులు, గ్రెయిల్ అనే పవిత్రపాత్ర కోసం వారు సాగించిన అన్వేషణ - ఇవి ఆంగ్లసాహిత్య విద్యార్థులకు సుపరిచితాలే. వీటికి పునాది వేల్స్ ప్రాంతపు ప్రాచీనగాథలు. 1136 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మాన్‌మత్ అనే పండితుడు లాటిన్ భాషలో బ్రిటన్ రాజుల చరిత్ర వ్రాయగా, ఆర్థర్ కీర్తి ఐరోపా అంతటా వ్యాపించింది. పిమ్మట ఫ్రెంచి కవులు, జర్మన్ కవులు ఆ కథలను తమవిగా చేసుకొన్నారు. టామస్ మాలరీ ఆంగ్లంలో కూర్చిన గ్రంథాన్ని 1485లో కాక్స్‌టన్ అచ్చు వేశాడు. ఇన్ని భాషల వాకిళ్ళు దాటి వచ్చిన పేర్లు మార్పు చెందకుండా ఎట్లా ఉంటాయి?

వెల్ష్ భాషలో "ఆర్థ్" అనగా ఎలుగుబంటి. ఆర్థర్ పేరు దాని నుండి వచ్చిందని కొందరు, ఆర్టోరియస్ అనే రోమన్ వంశనామం నుండి వచ్చిందని మరికొందరు అంటారు. రాణి గ్వినెవీర్ వెల్ష్ పేరులోని మొదటి భాగమైన "గ్వెన్"కు తెలుపు, శుభం అని అర్థాలు. ఆమె పేరుకు కార్న్‌వాల్ ప్రాంతంలో ఏర్పడిన రూపమే జెన్నిఫర్. మన ఊళ్ళలోని క్రైస్తవ బాలికలలో ఆ పేరు వినబడుతూనే ఉంటుంది. ఆ పిలుపు వెనుక ఒక ప్రాచీన రాణి ఉన్నదని పిలిచేవారికి తెలియనక్కరలేదు.

మాంత్రికుడైన మెర్లిన్ పేరు కథ మరింత విచిత్రం. అతని వెల్ష్ పేరు మిర్దిన్. దానిని ఉన్నదున్నట్లు లాటిన్‌లోకి తెస్తే ఫ్రెంచి వారి చెవులకు అసహ్యమైన ఒక మాటను గుర్తు చేస్తుందని, అందుచేతనే జెఫ్రీ ఒక అక్షరం మార్చాడని పండితుల ఊహ. ఆ మిర్దిన్ అనే పేరు సైతం ఒక ఊరి పేరు నుండి పుట్టిందని పలువురి అభిప్రాయం. కార్మార్థెన్ పట్టణానికి రోమనుల కాలంలో మొరిదూనమ్ అని పేరు. అనగా సముద్రపు కోట. కాలక్రమంలో జనం ఆ అర్థాన్ని మరచి, దానిని మిర్దిన్ అనే మనిషి కోటగా భావించారు. ఊరి పేరు మనిషిని సృష్టించింది!

ట్రిస్టన్ విషయంలో పేరు కథను సృష్టించింది. స్కాట్లండు ప్రాంతపు పిక్టు జాతివారి ద్రుస్తాన్ అనే పేరు ఫ్రెంచి దేశం చేరేసరికి, దుఃఖానికి వారు వాడే "త్రిస్త్" అనే మాటను పోలింది. తల్లి అతనిని కని కన్నుమూసినందున ఆ పేరు వచ్చిందని కథకులు కల్పన చేశారు. ఒక భాష మాటను మరొక భాష చెవి విన్నప్పుడు ఇట్లాంటివి జరుగుతాయి. మన తరగతుల హాజరు పట్టీలనే చూడండి. అబ్దుల్ రహ్మాన్ అంటే కరుణామయుని దాసుడు. దానిని సగానికి విరిచి "అబ్దుల్" అని పిలిస్తే దాసుడు మిగులుతాడు, కరుణామయుడు మాయమవుతాడు.

గ్రెయిల్‌ను సాధించిన నిష్కళంక వీరుడు గలహాద్ పేరు మనకు మరింత దగ్గరిది. అది లాటిన్ బైబిలులోని గలాద్, అనగా తెలుగు బైబిలులోని గిలాదు. యాకోబు తన మామతో సంధి చేసుకొని రాళ్ళను కుప్పగా వేయించి, దానికి సాక్ష్యపు కుప్ప అనే అర్థంలో గలేదు అని పేరు పెట్టాడని ఆదికాండము చెబుతుంది. మామ తన అరమేయిక్ భాషలో దానినే యగర్ శాహదూతా అన్నాడు. ఆ "శాహదూతా", మనం నిత్యం పలికే "షహాదత్" ఒకే సెమిటిక్ ధాతువు నుండి పుట్టిన సోదరులు. యాకోబును హజ్రత్ యాఖూబ్ అలైహిస్సలాంగా గౌరవించే మనకు, గలహాద్ పరాయి పేరుగా తోచదు.

ఇక ఈ కథలలో ముస్లిములు లేరా? ఉన్నారు. ఆనాటి ఐరోపా వారు ముస్లిములను సారసెన్లని వ్యవహరించేవారు. మాలరీ గ్రంథంలో పాలమైడీస్ అటువంటి వీరుడు. అయితే అతని పేరు అరబ్బీ కాదు. ట్రాయ్ యుద్ధకథలలోని ఒక గ్రీకు వీరునిది. అతని భాషలో తల్లిదండ్రులు ఏ పేరు పెడతారో కథకులు విచారించినట్లు లేదు. అతని పరాక్రమాన్ని ఎంతగానో మెచ్చుకొన్నారు గాని, తుదకు బాప్తిస్మం ఇప్పించే వరకు వారికి తృప్తి కలుగలేదు. మెచ్చుకోవడం వేరు, ఉన్నవానిని ఉన్నట్లుగా స్వీకరించడం వేరు.

ఈ భేదం నాకు గ్రంథాల వలననే తెలిసినది కాదు. నేను తెలుగు బోధిస్తానని విన్న కొత్తవారు, పిమ్మట నా పేరు విని ఒక క్షణం ఆగుతారు. ఒకసారి ఒక పట్టణంలో అద్దె ఇంటి కోసం వెళ్ళినప్పుడు, ఇంటి యజమాని నాతో పోతన పద్యాలను గూర్చి అరగంట సేపు ఎంతో ఆదరంగా ముచ్చటించారు. కాఫీ ఇప్పించారు. వెళ్ళబోయే ముందు నా పేరు అడిగారు. ఆ తరువాత ఇల్లు ఖాళీ లేకుండా పోయింది. నాకు కోపం కంటె విచారమే ఎక్కువ కలిగింది. అరగంట సేపు మాట్లాడుకొన్న ఇద్దరు మనుషుల నడుమ నాలుగక్షరాలు వచ్చి నిలిచాయి.

అందుచేతనే జర్మన్ కవి వోల్ఫ్రామ్ ఫాన్ ఎషెన్‌బాఖ్ 13వ శతాబ్దారంభంలో రచించిన "పార్సివల్" కావ్యం నాకు ప్రీతిపాత్రమైనది. అందులో ఒక స్త్రీ సప్తగ్రహాల పేర్లను అరబ్బీలో చదువుతుంది. ఉచ్చారణ కొంత చెడినా జుహల్, ముష్తరీ, షమ్స్, ఖమర్ అనే పేర్లను ఉర్దూ చదివినవారు ఇట్టే గుర్తించగలరు. పార్సివల్ తండ్రి పూర్వం బాగ్దాద్ ప్రభువు కొలువులో పనిచేసి, నల్లజాతి రాణిని వివాహమాడగా ఫైరెఫిజ్ జన్మించాడు. అతని శరీరం నలుపు తెలుపుల కలయిక. "రెండు వన్నెల కుమారుడు" అని అతని పేరుకు అర్థం. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఈ సోదరులు ఒక అడవి చెంత తలపడ్డారు. పార్సివల్ ఖడ్గం విరిగింది. నిరాయుధుని చంపడం తనకు కీర్తి కాదని ఫైరెఫిజ్ ఆగి, నీవెవరని ప్రశ్నించాడు. భయపడి పేరు చెప్పినట్లవుతుందని పార్సివల్ సంకోచించాడు. అప్పుడు ఫైరెఫిజ్ తన పేరును తానే ముందుగా చెప్పి, తన ఖడ్గాన్ని దూరంగా అడవిలోకి విసరివేశాడు. మాట మీద మాట నడిచి, తాము అన్నదమ్ములమని తెలిసికొన్నారు.

ఈ కవి కూడ చివరకు ఫైరెఫిజ్‌కు బాప్తిస్మం ఇప్పించి, హిందూదేశానికి పంపినాడు. తన కాలపు హద్దును అతడు పూర్తిగా దాటలేదు. కాని ముందుగా కత్తి విసరివేసిన ఔదార్యాన్ని అతడు అన్యమతస్థునికే ఇచ్చాడు. పేరులో ఉన్నది దేహపు రంగు మాత్రమే; ఆ పేరుకు గౌరవం తెచ్చినది ఆ క్షణంలో అతడు చేసిన పని.

విద్యార్థులారా! మీరు రేపు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపుతారు. మీ కంటె ముందుగా మీ పేరు అవతలి వారి బల్ల మీదికి చేరుతుంది. దానిని చూసి మీ భాషను, గుణాన్ని, విశ్వాసాన్ని ఊహించేవారు ఉంటారు. ఆ ఊహ ఎంత బలహీనమైనదో మన జిల్లాలే చెబుతాయి. దర్గాకు మొక్కుకొని కన్న కొడుక్కి మస్తానయ్య అని పేరు పెట్టుకొన్న హిందూ కుటుంబాలు నెల్లూరు, గుంటూరు ప్రాంతాలలో ఎన్నో ఉన్నాయి. కనుక మీ పేరును దాచకండి, సగానికి విరవకండి. దాని అర్థం ఇంట్లో పెద్దలను అడిగి తెలిసికోండి. ఎదుటివాని పేరు వినగానే అతనిని గూర్చి నిర్ణయానికి రాకుండా, దాని అర్థాన్ని అతనినే అడగండి. అవతలివాడు సంకోచిస్తే, మీ పేరు మీరే ముందుగా చెప్పండి.