సుఫ్ఫాకు తాళం ఉండేదా?

గత శీతాకాలంలో మా మస్జిద్ వసారాకు కటకటాల తలుపు పెట్టించి, ఇషా నమాజు తరువాత తాళం వేయసాగాము. అక్కడ ఒక పెద్దాయన పడుకొనేవారు. వేకువనే పక్కనున్న కూరగాయల మార్కెట్టులో బస్తాలు దింపడం ఆయన జీవనోపాధి. ఆయన మూటను చూసి కొందరు నమాజీలు విసుక్కున్నారు. పరిశుభ్రత కోసమేనని కమిటీవారన్నారు, మేమూ తలూపాము.

నగరాలు చేస్తున్నదీ ఇదే. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సుకు ముందు రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధించారు. రోడ్లపై ఉన్నవారిని చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ల ఆవరణలలోని ఆశ్రయాలకు తరలించారు. అక్కడ అన్నమూ పడకా లభించి ఉండవచ్చు. కాని వీధి ఖాళీ కావడం వేరు, మనిషికి నీడ దొరకడం వేరు.

2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు దాదాపు 17.7 లక్షలమంది. పెద్ద నగరాలలో లక్ష జనాభాకు కనీసం ఒక ఆశ్రయం ఉండాలనీ, అది ఏడాది పొడవునా రాత్రింబవళ్లు తెరచి ఉండాలనీ 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ల సమీపంలోనే ఆశ్రయాలు నిర్మించాలని 2013 నాటి కేంద్ర పథకం మార్గదర్శకాలు చెప్పాయి. కారణం స్పష్టమే: పేదవాడు పని దొరికే చోటనే నిద్రిస్తాడు. ఊరి చివర ఇచ్చిన పడక అతని కూలిని పోగొడుతుంది.

ఒకనాడు పిల్లలకు అస్‌హాబె సుఫ్ఫా గురించి పాఠం చెబుతున్నాము. ఇల్లూ వాకిలీ లేని సహాబాలు మస్జిదె నబవీలోని అరుగుపైనే నివసించేవారనీ, హజ్రత్ అబూ హురైరా (ర) వారిలో ఒకరనీ, దైవప్రవక్త (స) తమకు వచ్చిన ఆహారాన్ని వారితో పంచుకొనేవారనీ వివరించాము. అప్పుడు ఒక పిల్లవాడు లేచి, "హజ్రత్, సుఫ్ఫాకు తాళం ఉండేదా?" అని అడిగాడు.

మాకు నోట మాట రాలేదు.

ఆ వారమే కమిటీ ముందు మా తప్పు ఒప్పుకొని తాళం తీయించాము. మార్కెట్టుకు వెళ్లి చూడగా ఆయన ఒక దుకాణం మెట్లపై పడుకొని ఉన్నారు. రమ్మని పిలిచాము. "మళ్లీ ఎవరైనా విసుక్కుంటే ఎక్కడికి పోవాలి సాబ్?" అన్నారు. ఆయన ఇంతవరకు రాలేదు. వసారాలో దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

సోదర సోదరీమణులారా! మీ బస్తీకి దగ్గరలోని ఆశ్రయం ఎక్కడున్నదో తెలుసుకోండి. ఒక రాత్రి వెళ్లి, అది తెరచి ఉన్నదో లేదో చూడండి. లేకుంటే మునిసిపాలిటీవారిని అడగండి. అంతకంటే ముందు, మీ మస్జిద్ తలుపును ఒకసారి చూసుకోండి.