నూజివీడు నుంచి పలాసకు, సొన వెంబడి

విజయవాడ నుంచి నున్న, ఆగిరిపల్లి మీదుగా నూజివీడు పోయే దారిలో వేసవి పొడుగునా మామిడే. తోటల్లో బంగినపల్లి, చిన్నరసాల రాశులు పడి ఉంటాయి. ఆ పళ్లు తినాలని ఈ దారిన వచ్చేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం అవి పడనివాళ్ల గురించి ఆలోచిస్తూ వెళ్తున్నాను. మూతి చుట్టూ పొక్కులు లేచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, గొంతు పట్టేసినా మన ఇళ్లలో చెప్పేది ఒకటే: వేడి చేసింది. ఆ మాట చాటున రెండు వేరువేరు బాధలున్నాయి. పండు ముట్టుకున్న తర్వాత ఎంతసేపటికి లక్షణం కనిపించిందో చూస్తే ఏది ఏదో చాలావరకు తేలిపోతుందని నా నమ్మకం.

తోటలో కోత చూస్తే మొదటి బాధ మూలం అర్థమవుతుంది. చిక్కంతో దింపిన కాయకు తొడిమ విరగ్గానే సొన చిమ్ముతుంది. తొక్క మీద కారితే మచ్చ పడుతుంది కనుక కాయను బోర్లించి సొనంతా కార్చేస్తారు. తొక్కను మాడ్చే ఆ సొన మనుషుల్లో కొందరి చర్మానికీ పడదు. కానీ వెంటనే బయటపడదు. సాధారణంగా ఒకటి రెండు రోజులకు, పండు చీకినవాళ్లకు పెదవుల చుట్టూ, కాయ కోసినవాళ్లకు చేతుల మీద దురద, ఎరుపు, నీటిపొక్కులు వస్తాయి. అప్పటికి పండు సంగతి మరచిపోయి, నిన్నటి కూరనో ఎండనో తప్పుపడతారు. పండును నీళ్లలో నానేసి తినమనే పెద్దల మాటలో ఇక్కడ కొంత నిజముంది: తొక్కకు అంటిన సొన కొంత వదులుతుంది. తొక్క తీయించి ముక్కలు తింటే ఇంకా మేలు.

అక్కడి నుంచి ఉత్తరానికి, పలాస జీడిపప్పు బట్టీల దాకా వెళ్తే ఇదే కథ మరింత ఘాటుగా కనిపిస్తుంది. మామిడి, జీడి, నల్లజీడి ఒకే కుటుంబం. జీడిగింజ పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మనదేశంలో ఉన్న అమెరికన్ సైనికులకు, చాకలి గుర్తుగా బట్టల మీద పెట్టిన నల్లజీడి రసం తగిలినచోట పుండ్లు పడ్డట్టు వైద్యులు రాసిపెట్టారు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లూ ఇది గుర్తుంచుకోవాలి: అక్కడి పాయిజన్ ఐవీ మొక్కదీ ఈ కుటుంబమే, దాని వల్ల దద్దుర్లు వచ్చినవాళ్లకు మామిడి తొక్క కూడా పడకపోవచ్చు.

రెండో బాధ నిమిషాల్లో మొదలవుతుంది, మహా అయితే గంటా రెండు గంటల్లో. నోరు, పెదవులు, నాలుక దురదపెట్టడం, వాపు, దద్దుర్లు, వాంతి, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, కళ్లు తిరగడం. రబ్బరు తొడుగులు పడనివాళ్లలో కొందరికి అరటి, కివీ, అవకాడో కూడా ఇలా పడవు. చాలామందికి ఇది నోటి దురదతోనే ఆగుతుంది. ఊపిరికీ రక్తపోటుకూ పాకితే మాత్రం ప్రాణాపాయం.

తప్పంతా కార్బైడ్‌దే అనేవాళ్లున్నారు. కార్బైడ్‌తో పళ్లు మగ్గబెట్టడం నిషేధమే, హానికరమే. కానీ చెట్టున పండిన పండు తిన్నా ఇవే లక్షణాలు వచ్చేవాళ్లకు ఆ సాకు చాలదు. చిన్నప్పటి నుంచి తింటున్నాను, ఇప్పుడెందుకొస్తుందని అడగడం న్యాయమే. శరీరం ముందొకసారి ఎరిగిన పదార్థం మీదే తిరగబడుతుంది, అది ఏ వయసులోనైనా జరగవచ్చు. అలాగని ప్రతి దురదా అలర్జీ కాదు. అనాసపండు ఎక్కువ తింటే చాలామందికి నాలుక మండుతుంది. రక్తపరీక్షలో తేడా కనబడినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టూ కాదు. అందుకే డాక్టరుకు చెప్పడానికి ఏ పండు, తొక్కతోనా, ఎంతసేపటికి అన్న మూడు సంగతులు రాసిపెట్టుకోండి. పండు తిన్నాక గొంతు బిగుస్తున్నా, ఊపిరాడకున్నా మజ్జిగ తాగించి చూద్దామని ఆగకండి. అప్పుడు ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజెక్షన్, వెంటనే 108కి ఫోన్ చేయండి.